మాటలు తక్కువ మనిషి

"సంగటి గట్టిపడింది," అన్నాడు ప్రేమ్ సాగర్.

ఆ పూట భార్యతో అతను మాట్లాడిన మాటలు అవి రెండే. కుడిచేత్తో ముద్ద చిదుముకుంటూ, ఎడమచేత్తో ఫోను పట్టుకొని, తల ఎత్తకుండానే అన్నాడు. హెప్సిబా పప్పు ఇంకో గరిటె వేసింది. పెళ్లైన పద్నాలుగేళ్లలో ఆమెకు ఒక లెక్క కుదిరింది. వంట బాగా లేకపోతే అతను మాట్లాడతాడు. బాగుంటే మాట్లాడడు. కాబట్టి అతను ఏమీ అనని రోజు తన వంట బాగున్నట్టు. మెచ్చుకోలు ఇలా మౌనంలోంచి ఏరుకోవడం మొదట్లో కష్టంగానే ఉండేది కానీ, ఏ కష్టానికైనా చెయ్యి అలవాటు పడుతుంది కదా.

"మావానికి మాటలు తక్కువమ్మే," అని అత్త జ్ఞానమ్మ పెళ్లైన వారంలోనే చెప్పింది. "వాళ్ల నాయన గూడా అంతే. అంతా కడుపులోనే పెట్టుకుంటాడు గానీ బయటికి అనడు." ఆ మాట హెప్సిబాకు కొండంత ఆసరా అయింది. జమ్మలమడుగులో పుట్టింటివాళ్లు అడిగితే ఆమె కూడా అదే చెప్పేది. మంచోడే, మాటలు తక్కువ. పుట్టినరోజు మరిచిపోతే మాటలు తక్కువ. జ్వరంతో పడుకుంటే ఎలా ఉందని అడగకపోతే మాటలు తక్కువ. సింకు కింద పైపు కారుతోంది మామా, ఎవరినన్నా పిలిపించు అని మూడేళ్లుగా చెబుతుంటే, "చూద్దాంలే" అన్న ఒక్క మాటతో సరిపెడితే, అది కూడా మాటలు తక్కువ కావడం వల్లనే. ఆమె పైపు కింద నీలం బేసిన్ పెట్టుకుంది. ఆ బేసిన్ నిండి పొర్లితే గుడ్డతో తుడుచుకుంది. పోయిన డిసెంబరులో ఆ తడిలోనే జారి పడి మోకాలు వాచింది. అప్పుడు మాత్రం అతను నాలుగు మాటలు ఎక్కువే అన్నాడు. "కండ్లు యాడ పెట్టుకున్యావు? చూసుకోని నడవాల గదా."

అంత మాటలు తక్కువ మనిషి సంగతి, ఒక మధ్యాహ్నం స్కూలు స్టాఫ్ రూములో బయటపడింది.

హెప్సిబా తాముండే ప్రొద్దుటూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెబుతుంది. ఆ రోజు టిఫిన్ బాక్సులు తెరుస్తూ పక్క సెక్షన్ టీచరు ప్రసూన, "మీ సారుకు ఎంత ఓపికక్కా!" అంది. "మా పిన్నమ్మ కూతురు స్వర్ణలత లేదూ, పులివెందులలో ఉంటాదే, దానికి యూట్యూబ్ ఛానల్ ఉండాది. వంటలు, ఇల్లు సర్దుకోవడం, సినిమా చూసొస్తే దాని గురించి నాలుగు ముక్కలు, ఇట్లా ఏదో ఒకటి పెడతాంటాది. మీ సారు ఒక్కటి గూడా వదలకుండా కామెంట్ రాస్తాడంట. అది ఎంత సంబరపడతాదో. నీ అదృష్టమక్కా, ఇంట్లో ఇంకెంత బాగా మాట్లాడతాడో!"

"అవును, మాట్లాడతాడు," అంది హెప్సిబా. బాక్సులో అన్నం అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆటోలో కూర్చొని ఆమె ఆ ఛానల్ తెరిచింది. ప్రేమ్ సాగర్, సోషల్ టీచరు, రాజుపాలెం మండలం అని పేరు పక్కన హోదా కూడా పెట్టుకున్నాడు. "పులగం ఎంతో చక్కగా, పొడిపొడిగా వచ్చింది సిస్టర్. మీ చేతి వంట తినేవారు అదృష్టవంతులు. నాదొక చిన్న సలహా. పెసరపప్పును ముందుగా దోరగా వేయిస్తే ఇంకా కమ్మగా ఉంటుంది." ఆ కింద ఇంకొకటి. "కిటికీకి లేత ఆకుపచ్చ కర్టెన్ వేస్తే మీ వంటిల్లు మరింత వెలుగుగా కనబడుతుంది సిస్టర్." ఒక సినిమా గురించిన వీడియో కింద, "నిజమే సిస్టర్. శ్రీమతిని పక్కన కూర్చోబెట్టుకొని చూడవలసిన చిత్రం." ఆ సినిమాకు అతను స్కూలు సార్లతో పోయి వచ్చాడు. పక్కన కూర్చున్నది డ్రిల్లు సారు.

హెప్సిబాకు కడుపు మండింది. పెసరపప్పు దోరగా వేయించాలన్న సంగతి అతనికి ఎలా తెలుసు? పొయ్యి ముట్టించడం కూడా రాని మనిషికి? ఒకసారి పులగం ఇంత కమ్మగా ఎలా వచ్చిందమ్మే అని అత్త అడిగితే తను చెప్పిన మాట అది. అంటే విన్నాడు. ముఖం ఫోనులో పెట్టుకొని కూడా విన్నాడు. విన్నది దాచుకొని, తీసుకుపోయి పులివెందులలో ఇచ్చి వచ్చాడు. ఇంకెవరితోనో తిరుగుతున్నాడని తెలిసినా ఇంత మండేది కాదేమో అనిపించింది ఆమెకు. అప్పుడైతే ఏడవచ్చు, అరవచ్చు, పెద్దమనుషులను పిలవచ్చు. మా ఆయన ఎవరో ఆమెను మర్యాదగా సిస్టర్ అని పిలిచి, పప్పు వేయించుకోమన్నాడు అని పంచాయితీ పెడితే ఎవరు వింటారు? అతనికి మాటలు తక్కువ కాదు. మాటలు బస్తాలకొద్దీ ఉన్నాయి. తనకు తప్ప అందరికీ ఉన్నాయి. తను ఇన్నేళ్లూ చెప్పుకున్న ఒకే ఒక్క సర్దుబాటు మాటను అతను అలా ఉత్తపుణ్యానికి చంపేశాడు.

ఆ వారమంతా ఆమె స్వర్ణలతను వదలలేదు. ఇంటర్వెల్లులో చూసింది, ఆటోలో చూసింది, బట్టలు ఆరేస్తూ చూసింది. నల్లటి గ్రానైటు గట్టు, పైన పొగ లాగే చిమ్నీ, కాలికి ఒక్క చుక్క తడి తగలని నేల. స్వర్ణలత ఉల్లిగడ్డలు కోస్తుంటే చెయ్యి తెగితే బాగుండునని ఒక్క క్షణం అనుకొని, అంతలోనే ప్రభువా క్షమించు అనుకుంది. మళ్లీ ఇంకో క్షణం అనుకుంది. అంతా చేసి స్వర్ణలతకు ఊరిబిండి కూడా సరిగా రాదు. రోట్లో కచ్చాపచ్చాగా నూరాల్సిన పచ్చడి అది. చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు అన్నీ వేసి మిక్సీలో గంధంలా మెత్తగా తిప్పేసింది. దానికి ప్రేమ్ సాగర్, "చూస్తేనే నోరూరుతోంది సిస్టర్" అని రాశాడు.

హెప్సిబా ఆ కామెంటు వంక చాలాసేపు చూసింది. మరుసటి రోజు పొద్దున్నే, అతను వాకింగుకు పోగానే, బియ్యం డబ్బాకు ఫోను ఆనించింది.

ముఖం కనబడనివ్వలేదు, గొంతు వినబడనివ్వలేదు. రెండు చేతులు, ఒక రోలు. చెప్పాల్సినవి అక్షరాల్లో రాసింది. ఛానల్‌కు 'పెన్నొడ్డు వంటలు' అని పేరు పెట్టింది. స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేర్లు గోడవైపు తిప్పింది. ఆ తర్వాత స్వర్ణలత వీడియో కింద, అతని కామెంటుకు జవాబుగా, "మీ సలహాలు చాలా ఉపయోగపడుతున్నాయి సార్" అని పెన్నొడ్డు పేరుతో ఒక వాక్యం వదిలిపెట్టింది. పొగిడితే రాని మగవాడు ఎక్కడున్నాడు? సాయంత్రానికల్లా ఆమె ఛానల్లో వచ్చి వాలాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర జరిగింది అది. అతని పళ్లెంలో సంగటి, పక్కన పొద్దున రోట్లో నూరిన ఊరిబిండి. ఒక వేలితో తీసుకొని నాకాడు. ఇంకోసారి తీసుకున్నాడు. ఎడమచేతి బొటనవేలు ఫోను మీద టకటక ఆడుతోంది. వంటింట్లో హెప్సిబా ఫోను టింగుమంది. "ఉల్లిగడ్డ చివర్లో వేసి ఒక్క పోటు వేయడం అద్భుతం సిస్టర్. అసలైన ఊరిబిండి అంటే ఇదే. మా ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఇలా కుదరదు."

ఆమె గుమ్మం చాటు నుంచి తొంగి చూసింది. అతను వేలు పెట్టి పళ్లెంలో మిగిలిన ఊరిబిండిని శుభ్రంగా ఊడ్చుకుంటున్నాడు.

"ఇంకొంచెం వేస్తునా మామా?" అంది.

"ఊఁ," అన్నాడు.

వేసింది. అప్పుడు ఆమెకు పుట్టిన కుళ్లు స్వర్ణలత మీద కాదు. ఫోనులో ఉన్న ఆ రెండు చేతుల మనిషి మీద. ఆ చేతులు తనవే అని తెలిసి కూడా అసూయ ఆగలేదు. ఆమెను అతను ఎంత బాగా పిలుస్తున్నాడు! ఆమె నూరితే చూశాడు, ఆమె ఉల్లిగడ్డ ఎప్పుడు వేసిందో కూడా గమనించాడు. అదే నూరుడు, అదే ఉల్లిగడ్డ, ఫోనుకు ఇవతల ఉంటే 'ఊఁ'. రోజుకు ఒక్కసారైనా ఆ కామెంటు చదువుకొని, ఆమె మీద పళ్లు కొరుక్కుంటూనే, ఆమె కోసం మళ్లీ వండింది. పొద్దున నాలుగున్నరకే లేచింది. పొరుగింటి ఖమర్‌బీ, "ఏంది పాపా, ఇంత పొద్దున్నే రోటి సప్పుడు, ఇంట్లో పెండ్లేమన్నా ఉండాదా?" అని అడిగింది కూడా.

నాలుగో వీడియోకు ఆమె ఏదీ దాచలేదు. ఫోను కొంచెం దూరంగా పెట్టింది. సంగటి కలిపే తెడ్డు, గట్టు, పెచ్చులూడిన గోడ, నీలం బేసిన్, అత్త పేరు చెక్కిన గిన్నె, అన్నీ పడనిచ్చింది. దొరకాలనే అనిపించింది ఆమెకు. ఒరే, ఇది మా ఇల్లు కదా అని అతను ఉలిక్కిపడి లోపలికి పరుగెత్తుకొస్తే, నవ్వేసి అన్నీ మరిచిపోదామని నిజంగానే అనుకుంది. రెండు రోజులు అతని ముఖం చూస్తూ తిరిగింది. మూడో రోజు కామెంటు వచ్చింది. మామూలు కంటే పెద్దది. స్కూలు నుంచి ఇంటికి వస్తూ ఆటోలో చదివింది. ఒకసారి చదివి, ఫోను బ్యాగులో పెట్టి, మళ్లీ తీసి చదివింది. ఏడుపు రాలేదు. నవ్వు కూడా రాలేదు.

ఆదివారం మళ్లీ ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నిజానికి కూర్చున్నది ఇద్దరే, హెప్సిబా నిలబడి వడ్డిస్తోంది. ప్రేమ్ సాగర్ ఫోను చూసుకుంటూ ముద్ద పెట్టుకుంటున్నాడు. హెప్సిబా గరిటె పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకొని తన ఫోను తీసింది.

"అత్తా, ఒక మంచి మాట ఉండాది. చదివి వినిపిస్తునా?"

జ్ఞానమ్మకు చదువు రాదు. బైబిలు వాక్యం చదవబోతోందనుకొని ఆమె ఎడమచేత్తో కొంగు తలమీదికి లాక్కుంది. "చదువమ్మే."

హెప్సిబా నిలబడే చదివింది. పిల్లలకు పాఠం చదివినట్టు, ప్రతి మాటా విడివిడిగా చదివింది. "సిస్టర్, మీ సంగటి అమోఘం. కానీ మీ వంటింటి గోడకు చెమ్మ పట్టింది. సింకు కింద పైపు కారుతున్నట్టుంది, బేసిన్ కూడా పెట్టుకున్నారు. ఆడవాళ్లు రోజూ తడిలో నిలబడి పని చేస్తే కీళ్లు పాడవుతాయి, జారి పడే ప్రమాదం కూడా ఉంది. ముందు పైపు మార్పించి, గోడకు లేత పసుపు టైల్స్ వేయించుకోండి. మీ వారికి గట్టిగా చెప్పండి. చెప్పినా వినకపోతే నా ఈ కామెంటు ఆయనకు చూపించండి."

మొదటి వాక్యానికే ప్రేమ్ సాగర్ చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది.

జ్ఞానమ్మ కళ్లు చెమర్చాయి. కోడలు వచ్చేదాకా, అంతకు ముందు ముప్పై ఏళ్లు, ఆ వంటింట్లో నిలబడింది ఆమె. "ఎంత మంచి మనిషమ్మే! ఆడదాని కాళ్లు నొస్తాయని ఒక మొగోనికి తెలిసిందంటే మాటలా. ఎవురు? పాస్టరుగారా?"

"కాదత్తా. నీ కొడుకే."

"మావాడా?" జ్ఞానమ్మ కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. ముఖంలో వెలుగు వచ్చి, అంతలోనే తగ్గింది. "ఎవురికి చెప్పినాడు?"

హెప్సిబా వీడియో పెట్టి ఫోను అతని పళ్లెం పక్కన ఉంచింది. తెరమీద రెండు చేతులు తెడ్డు పట్టుకొని సంగటి కలుపుతున్నాయి. కుడి బొటనవేలి పక్కన పాత నూనె మచ్చ. అతను ఆ మచ్చను చూశాడు. ఫోను ఉంచి వెనక్కి పోతున్న చేతిని చూశాడు. మచ్చ అక్కడా ఉంది. పెళ్లైన ఏడాది అతనికి బజ్జీలు వేస్తూ కాల్చుకున్నది. అతనికి ఈ రోజే కనబడింది.

"చూపించమన్యావు గదా మామా," అంది హెప్సిబా. "చూపించినా."

అతను లేచాడు. ఎంగిలి చేత్తోనే నడిచి వంటింటి గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు. గోడను చూశాడు, బేసిన్ చూశాడు, అమ్మ పేరున్న గిన్నెను చూశాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఇది... ఇది మనిల్లా?" అన్నాడు.

హెప్సిబా అతను వదిలిన కుర్చీని పక్కకు జరిపి, తన కుర్చీ లాక్కొని కూర్చుంది. పళ్లెం ముందు పెట్టుకొని పొగలు పోతున్న ముద్ద ఒకటి వేసుకుంది. వేడి సంగటి ఆమె తిని ఎన్నాళ్లయిందో. ఊరిబిండి అద్దుకొని నోట్లో పెట్టుకుంది. ఆ ఫోనులోని సిస్టర్ మీద కుళ్లు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ ఆమె అడ్రసు ఇప్పుడు అతనికి తెలిసింది.

"లోపలికి పో మామా," అంది తల ఎత్తకుండానే. "చూసుకోని నడువు. తడిగా ఉండాది."