చెప్పేముందు ఎవరివైపు చూసింది

పాపకి మేజోళ్ళు తొడుగుతుంటే నా గోరు దాని పాదం మీద గట్టిగా గీరుకుంది. నేనే ఉలిక్కిపడ్డాను. అది మాత్రం కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"మంట పుట్టలేదా?"

"ఊహూఁ."

అక్కడ పట్టుకుంది నాకు అనుమానం. రక్తంలో జబ్బుకి సూదిమందు మొదలుపెట్టినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, ఈ మందుతో పాదాలు మొద్దుబారొచ్చు, దవడ లాగొచ్చు, వెంటనే చెప్పాలి అని. వెళ్ళినప్పుడల్లా పాపని అడుగుతుంది. పాపది ఒకటే మాట: "బాగానే ఉంది." మరి బాగానే ఉంటే మెట్లు దిగేటప్పుడు గోడ ఎందుకు పట్టుకుంటోంది? ముద్ద ఒక పక్కే ఎందుకు నములుతోంది? అడిగితే "ఊరికే, ఆటకి" అంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇంత నున్నటి జవాబులు ఎవరు నేర్పుతున్నారు?

ముందు అత్తయ్య మీదికి పోయింది మనసు. "ఇన్ని సూదులు పొడిచినా నా మనవరాలు కిక్కురుమనలేదు, మా పోలిక" అని ఫోన్లో దాని చెవిలో పోస్తూ ఉంటుంది. తర్వాత ఆయన మీదికి. వాంతులు ఎత్తేదీ, పక్కబట్టలు ఉతికేదీ, మాత్ర మింగించడానికి కథలు అల్లేదీ, సెలవడిగితే "ఇంకా తగ్గలేదామ్మా మీ పాపకి?" అనే మేనేజరు ముందు తలొంచుకునేదీ నేను. ఆస్పత్రిలో మాట్లాడేది ఆయన. నేను నోరు తెరిస్తే, "దీనికి ప్రతిదానికీ కంగారే డాక్టర్" అని నవ్వుతారు. డాక్టరమ్మా మర్యాదకి నవ్వుతుంది.

ఈసారి ఆస్పత్రికెళ్ళినప్పుడు నేను మాటలు వినలేదు. పాప కళ్ళు చూశాను.

"కాళ్ళెలా ఉన్నాయిరా చిట్టితల్లీ?" అని అడిగింది డాక్టరమ్మ.

పాప వాళ్ళ నాన్నవైపు చూసింది. ఆయన కనుబొమలు ఇంత పైకి లేచాయి. "బాగున్నాయి" అంది.

నా ఒళ్ళు భగ్గుమంది. "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాను.

"నేనెందుకు? తండ్రిని!"

"అందుకే."

డాక్టరమ్మ నావైపు కొత్తగా చూసి, "వెళ్ళండి సార్, పర్లేదు" అంది. ఆయన కుర్చీ చప్పుడయ్యేలా లేచి వెళ్ళారు.

దొంగ దొరికాడనుకున్నాను. కుర్చీ ముందుకి లాక్కుని, "ఇప్పుడు చెప్పు తల్లీ" అన్నాను. ఈసారి నావైపే చూస్తోంది, అదే చూపు.

"నువ్వు కూడా వెళ్ళమ్మా" అంది పాప.

"నేనా?"

"నొప్పంటే నువ్వు స్నానాల గదిలో పంపు తిప్పుకుని ఏడుస్తావు. నాన్న కూడా విన్నారు. అమ్మ ఏడుస్తుంది, చెప్పకూ అన్నారు."

ఎలా లేచానో, ఎలా బయటికొచ్చానో తెలియదు. ఆయన పక్కన బెంచీ మీద కూలబడ్డాను.

"ఏమంటోంది?" అన్నారు.

"నా ఏడుపు మీకు వినబడేదా?"

ఆయన తలుపువైపు చూశారు.

"వింటూ, ఒక్కసారైనా తలుపు తట్టలేదేం? దాని నోరు కుట్టేయడమే తేలికనిపించిందా?"

ఆయన నేల చూపులు చూశారు. లోపల పాప గొంతు మొదలైంది, ఆగకుండా, ఎన్నాళ్ళుగానో దాచిపెట్టుకున్నదంతా. ఆయన లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

డాక్టరమ్మ మందు మోతాదు తగ్గించింది, కాళ్ళకి వ్యాయామం రాసింది. "ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే నడక కష్టమయ్యేది" అంది.

బస్సులో పాప నా భుజానికి ఆనుకుని కూర్చుంది. "అమ్మా, కాళ్ళు లాగుతున్నాయి" అంది, నా మొహంలోకే చూస్తూ.

నాకు కన్నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు, మొహం తిప్పుకోలేదు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. ఆయన "ఏయ్, అందరూ చూస్తున్నారు" అని గొణిగారు.

"ఎక్కడ లాగుతోంది?" అన్నాను, ఏడుస్తూనే.

పాప నన్ను ఒక్క క్షణం పరీక్షగా చూసింది. మాట మార్చలేదు.

"ఎడమ కాలు ఎక్కువ" అంది.