ఎనిమిది పడితేనే మందు

కరోనా వచ్చిపోయిన ఏడాది ప్రేమమ్మకు వాసన తెలియడం పోయింది. కూర అడుగంటినా తెలియదు, మల్లెపూలు ముక్కుకు ఆనించినా తెలియదు. అలాంటి మనిషి వాసనను నమ్ముకుని నాలుగెకరాల పత్తి వేసిందంటే ఆ ఊళ్లో నవ్వనివాళ్లు లేరు.

కారంపూడి దాటాక ఉన్న ఆ చేను ధనుంజయరావుది. ఆరేళ్లుగా ప్రేమమ్మ కౌలుకు చేస్తోంది. గట్టుకు అవతల ఆయన సొంత పత్తి. ఆయన వ్యవసాయమంతా గోడమీది క్యాలెండరే చేస్తుంది. పది రోజులకోసారి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది; ఆ రోజు పురుగున్నా లేకపోయినా మందు కొట్టాల్సిందే. కౌలుదారు కూడా అదే రోజు కొట్టాలని హుకుం.

ఈ ఏడు ప్రేమమ్మ ఆ హుకుం పక్కన పెట్టింది. పత్తికాయ తొలిచే గులాబీ పురుగు కోసం ఎకరానికి రెండు చొప్పున ఎనిమిది బుట్టలు కట్టింది. ఒక్కో బుట్టకు మూత కింద ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు బిళ్ళ, అడుగున పాలిథిన్ సంచి. వాసనకు ఎగిరొచ్చిన మగపురుగు సంచిలో పడుతుంది. బుట్టకు ఎనిమిదేసి చొప్పున వరసగా మూడు రోజులు పడితేనే మందు. అంతకు తగ్గితే డబ్బా ముట్టదు.

ఈ లెక్క నేర్పింది నరసరావుపేటలో హాస్టల్లో ఉండి వ్యవసాయ డిప్లొమా చదువుతున్న కూతురు హెప్సిబా. మగపురుగు ముక్కు దాని మీసాల్లోనే ఉంటుందట. మీసానికి వేల వెంట్రుకలు, వెంట్రుక నిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటిలో దూరిన వాసన లోపలి కణం మీదున్న తాళంలో పడుతుంది. ఆ తాళానికి ఆడపురుగు వాసనే చెవి. తాళం తెరుచుకుంటే కణంలోకి ఉప్పులాంటివి జొరబడి, చిటికెడు కరెంటు పుట్టి, కబురు తలకు చేరుతుంది. ఇక ఆ పురుగు గాలికి ఎదురెక్కి వస్తుంది. ఇంత చిన్న జీవిలో ఇంత పనితనముందా అని ప్రేమమ్మ ఆ రోజంతా మురిసిపోయింది.

ధనుంజయరావు మురవలేదు. ఊళ్లో పురుగునంతా ఆ బుట్టలు ఇటు లాగుతున్నాయని ఎవరో ఎక్కించారు. వచ్చి, ఓ బిళ్ళ పీకి, వాసన చూసి, గట్టు మీదికి విసిరాడు.

"ఏ వాసనా లేదు. నీ ముక్కెట్టాగూ పోయింది, నాది కూడా పోయిందా ఏంది?"

"మీ ముక్కు కోసం పెట్టింది కాదయ్యా," అంది ప్రేమమ్మ.

ఆయన మొహం ఎర్రబడింది. బుట్టలు పీకి మందు కొట్టకపోతే ఉగాదికి చేను ఇంకొకరికి ఇస్తానని చెప్పి వెళ్లాడు. చేను పోతే మళ్లీ కూలికి పోవడమే. హెప్సిబా చదువూ అంతటితో ఆగిపోతుంది. ప్రేమమ్మకు భయం వేసింది. అయినా బుట్టలు పీకలేదు, పడేసిన బిళ్ళ తెచ్చి మళ్లీ గుచ్చింది.

నెల తిరిగేసరికి పాత బిళ్ళలు తీసి కొత్తవి పెట్టింది. అంతకుముందు రోజూ రెండో మూడో పడేవి. కొత్తవి పెట్టాక సున్నా. ఆరు రోజులు వరసగా సున్నా. ఏడో రోజు గట్టు పక్క సాలులో రేకులు విప్పుకోని గుడ్డిపూలు కనిపించాయి. పురుగు లోపలుంటేనే పువ్వు అలా ముడుచుకుంటుంది. అంటే పురుగు చేలోకి వచ్చేసింది, బుట్టలు నోరు మెదపలేదు. ముక్కులేనమ్మ బుట్టలని టీ బంకు దగ్గర నవ్వులు.

శనివారం హెప్సిబా వచ్చి బుట్ట మూత ఎత్తి ఆగిపోయింది.

"అమ్మా, ఇదంతా నొప్పుల బామ్ వాసన. చేతులకు రాసుకుని పెట్టావా?"

రాసుకుంది. కలుపు తీసి తీసి వేళ్ల కణుపులు నొప్పులు పుడుతుంటే పొద్దునా సాయంత్రం రాసుకుంటోంది. చేతికంటిన ఘాటు బిళ్ళలకు పట్టిందని వాసన తెలియని మనిషికి ఎలా తెలుస్తుంది? మిగతా కణాలన్నీ ఆ ఘాటుకు గోల పెడితే, అసలు కబురు మగపురుగు తలకెక్కదంది కూతురు. తన చేతులతో తనే చెడగొట్టుకున్నందుకు ప్రేమమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చి లేచి, బుట్టలన్నీ సబ్బుతో కడిగి, చేతులకు బ్రెడ్ కవర్లు తొడుక్కుని మళ్లీ కొత్త బిళ్ళలు గుచ్చింది.

ఆదివారం చర్చికి వెళ్లే ముందే లెక్కపెట్టింది. బుట్టకు తొమ్మిది. సోమవారం పదకొండు. మంగళవారం పన్నెండు.

ఈ లెక్క దాచుకోవచ్చు. దాచలేదు. నేరుగా ధనుంజయరావు వాకిట్లోకి వెళ్లి, తప్పు బుట్టలది కాదు, తన చేతులదని చెప్పింది. పురుగు ముమ్మరంగా వచ్చింది, ఇవాళే కొట్టమంది. ఆయన నవ్వి గోడ వైపు చూపించాడు. రెండు రోజుల క్రితమే కొట్టాడట. మళ్లీ సున్నాకి ఇంకా ఎనిమిది రోజులుంది.

"పురుగుకి మీ క్యాలెండర్ చదవటం రాదయ్యా," అని వచ్చేసి, ఆ సాయంత్రమే తన చేనంతా కొట్టింది.

ఆ ఎనిమిది రోజుల్లో, ముందు కొట్టిన మందు పదును తగ్గాక, ఆయన చేలో గుడ్లు పగిలి పిల్లపురుగులు కాయల్లో దూరాయి. లోపలికి దూరినదానికి ఏ మందూ అందదు. మూడు వారాలకు ఆయన కాయ చీలిస్తే గులాబీ పురుగు, పసుపు తిరిగిన దూది. గట్టుకు ఇటువైపు, మొదటి సాలు తప్పితే, కాయలన్నీ తెల్లగా విచ్చుకున్నాయి.

ఓ పొద్దున ప్రేమమ్మ సంచులు విప్పుతుంటే గట్టు అవతల ధనుంజయరావు వచ్చి నిలబడ్డాడు.

"ఏమే ప్రేమమ్మా, ఇయ్యాల ఎన్ని పడినయ్యి?"

ఆమె తల ఎత్తలేదు. సంచి మూతి బిగించి కట్టింది.

"లెక్క చెప్తా. ఉగాదికి ఈ చేను ఎవరిదో ముందు మీరు చెప్పండయ్యా."

ఆయన తన పత్తిని చూశాడు, ఆమె పత్తిని చూశాడు.

"నీదేలే," అన్నాడు.

"మూడే పడినయ్యి," అంది ప్రేమమ్మ. "క్యాలెండర్‌లో ఏమున్నా సరే, ఇయ్యాల మందు డబ్బా ముట్టబాకండి."