పొగ చెరిపేసిన బొమ్మ

మధ్యాహ్నంలోగా రెండు వందల చొక్కాలు ఇస్త్రీ కావాలి. నూట నలభై దగ్గర ఉండగా సూపర్‌వైజరు వచ్చి ఆమె ఇస్త్రీ పెట్టె ఆపించాడు.

"పెద్దక్కా, పైకి రా. నీ పంట పండింది."

విభాగంలో అందరికన్నా పెద్దదని ఆమెను అలా పిలుస్తారు. పదకొండేళ్లు నిలబడి చేసిన పనికి కాళ్ల మీద నరాలు తాళ్లలా తేలాయి. పైన ఆఫీసు గదిలో మేనేజరు ఆమెకు కుర్చీ చూపించాడు. అంత మర్యాద ఎన్నడూ ఎరగని పెద్దక్క కూర్చోకుండా కొంగు నలుపుతూ నిలబడింది.

మూలన ఒకాయన కెమెరా సర్దుతున్నాడు. గోడ మీద తెర, తెర మీద ఆమె మొహం. నెత్తిన రెండు చేతులూ పెట్టుకుని, నోరు తెరుచుకుని ఉంది. కింద అక్షరాలు: "మా హీరో మొదటి ఆటకి టికెట్ దొరకనప్పుడు."

ఎవరో సినిమా అభిమాని తయారుచేసి వదిలిన బొమ్మ అది. ఏడాదిగా లోకమంతా తిరుగుతోంది. కూర మాడినా అదే మొహం, ఆట ఓడినా అదే మొహం. బస్సులో జనం ఫోను చూసి, ఆమెను చూసి కిసుక్కుమనేవారు. ఒకరోజు కూతురు బడి నుంచి వచ్చి, "అమ్మా, నీ ఏడుపు పెట్టి నన్ను ఏడిపిస్తున్నారే" అంది. ఆ పిల్లే ఆ అభిమానిని వెతికి పట్టుకుని నిలదీసింది. అతను జవాబు రాశాడు: "ఆవిడ ఎందుకేడుస్తోందో నాకు తెలీదండీ. వెనకాల పొగ అడ్డమొస్తే చెరిపేశాను."

ఆ పొగ ఈ ఫ్యాక్టరీ గోదాములోది. రెండేళ్ల క్రితం నిప్పంటుకున్నప్పుడు పెద్దక్క చెల్లెలు లోపలే ఉంది. పని వేళ ముగియక ముందే ఎవరూ జారుకోకుండా తలుపుకి బయట తాళం వేసి ఉంది. రోడ్డు మీద నిలబడి చెల్లెల్ని కేకేస్తున్న పెద్దక్కను టీవీవాళ్లెవరో వీడియో తీశారు. చెల్లెలు బతికి బయటికి రాలేదు.

మేనేజరు ఆ తర్వాత వచ్చినవాడు. హుషారుగా చెప్పుకుపోయాడు.

"ఆ ఫేమస్ మొహం మన దగ్గరే ఉందని నిన్ననే తెలిసిందమ్మా! ప్రకటనలో 'చొక్కా నలిగిందా?' అని పైన రాస్తాం. నువ్వు ఒక్కసారి అదే మొహం పెట్టు చాలు. రెండు వేలిస్తాం."

కెమెరా వెలిగింది.

"ఊఁ, కానివ్వక్కా. ఎంతసేపు? ఇట్టే అయిపోతుంది" అన్నాడు సూపర్‌వైజరు.

అంతసేపూ చీర కొంగు నలుపుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"పెట్టను సార్. ఆ మొహం అడిగితే వచ్చేది కాదు. నా చెల్లెల్ని గోదాములో పెట్టి తాళం వేస్తే వచ్చింది."

మేనేజరు నవ్వు సగంలో ఆగింది. "తాళమా? కరెంటు తీగల వల్ల అని కదా కాగితాల్లో ఉంది?"

"నిప్పు తీగల వల్లేనేమో సార్. తలుపు మాత్రం తీగలు మూయలేదు."

కెమెరా ఆయన ఆపాలా వద్దా అని మేనేజరు వైపు చూశాడు.

"ఆపకండి బాబూ" అంది పెద్దక్క. కుర్చీ సూపర్‌వైజరు వైపు తిప్పుకుని అతని ఎదురుగా కూర్చుంది. "తాళంచెవి ఆ రోజు ఎవరి జేబులో ఉందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"