నీళ్ళ మాట

కోడలికి నెలలు నిండాక, మాటతో అవసరం లేని పనులన్నీ నేను చేసిపెట్టాను. బుల్లి చొక్కాలు వేడినీళ్ళలో ఉతికి నీడన ఆరేశాను. ఆసుపత్రి సంచి సర్ది తలుపు పక్కన పెట్టాను. కారులో పెట్రోలు పోయించాను. నా భార్య ఉండుంటే మాట్లాడే పని తను చూసుకునేది. కోడలికీ తల్లి లేదు. మా అబ్బాయి వంతెన కట్టే పనిలో చాలా దూరంలో ఉన్నాడు. కబురందాక బయల్దేరినా సగం రోజు పడుతుంది.

"కాన్పు గదిలోకి మీరే రావాలి మామయ్యా, మీరుంటే నాకు ధైర్యం," అంది కోడలు. సరేనన్నాను గాని, సిగ్గుతో చచ్చిపోయాను.

తోడు వెళ్ళేవాళ్ళకి ఆసుపత్రిలో నర్సమ్మ క్లాసు పెడితే కోడలితో కలిసి వెళ్ళాను. కుర్చీల నిండా కుర్ర మొగుళ్ళు. నెరిసిన తల నాదొక్కటే. ఆమె నీళ్ళు నింపిన బుడగ పైకెత్తి, "ఇది ఉమ్మనీటి సంచి అనుకోండి. ఇది పగలగానే..." అంటూండగా, ఫోను చెవికి ఆనించుకుని బయటపడ్డాను. కాలేజీలో జీవశాస్త్రం చదివినవాణ్ణి, వరండాలో నిలబడి మోగని ఫోనుతో "ఆఁ, చెప్పండి" అంటూ గడిపాను. తిరిగొస్తే కోడలు కాస్త జరిగి చోటిచ్చింది. ఫోను ఎవరు చేశారని అడగలేదు.

మరుసటి వారం పొద్దున నేను పేపరు చూస్తుంటే వంటింటి గుమ్మంలోంచి పిలిచింది.

"మామయ్యా, నీళ్ళు పోయాయి."

"నువ్వు కదలకు తల్లీ. మోటారు వేస్తాను."

మోటారు వేసి, మోకాళ్ళు పట్టుకుంటూ డాబా ఎక్కి, ట్యాంకు మూత ఎత్తి చూశాను. "నిండుగానే ఉందమ్మా!" అని వీధంతా వినబడేలా అరిచాను.

కిందికొచ్చేసరికి కోడలు గోడ పట్టుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ట్యాంకులోవి కాదు మామయ్యా... నావి."

గచ్చంతా తడి. నాకు చెవులు భగ్గుమన్నాయి. తడిగుడ్డ తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని గబగబా తుడిచేశాను.

"ఆగండి మామయ్యా, అది..."

"జారిపడతావమ్మా," అంటూ గుడ్డ పిండేసి వచ్చాను.

ఆసుపత్రిలో నర్సమ్మ నన్నే అడిగింది. "నీళ్ళు ఏ రంగులో పోయాయి? క్లాసులో చెప్పానుగా, చూసుకోవాలని! పచ్చగా ఉంటే లోపల బిడ్డకి ఇబ్బందని."

నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ బిడ్డ కోసం చూడాల్సిన ఒక్కదాన్నీ నా చేతులతో నేనే పిండి పారబోశాను.

కోడలు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో బయల్దేరేటప్పుడు తను చుట్టుకున్న తడి తువ్వాలు. "మామయ్యే దాచమన్నారు," అంది.

నర్సమ్మ విప్పి వెలుతుర్లో చూసింది. "తేటగా ఉంది. హమ్మయ్య! పెద్దాయన ఎంత శ్రద్ధగా విన్నారో చూడండి. మా ఆయనకైతే ఉప్పు డబ్బా ఎక్కడుందో రోజూ చెప్పాలి."

ఆమె తిట్టినా అంత కుంగిపోయేవాణ్ణి కాను.

"లోపలికి ఒక్కరికే చోటు. మీరేనా?"

కోడలు నా వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు.

"నేను వినలేదమ్మా," అన్నాను నర్సమ్మతో. "నీళ్ళ మాట రాగానే లేచిపోయాను. కోడలే నా పరువు కాపాడింది. ఇప్పుడు చెప్పండి, నేర్చుకుంటాను."

"తెలుసులెండి. మీ ఫోను మోగలేదుగా," అంది నర్సమ్మ. "రండి."

కోడలు మంచం పట్టె పట్టుకుని వంగి నిలబడింది. నర్సమ్మ నా చెయ్యి తీసుకుని ఆమె నడుము కింద ఆనించింది. "అరచేత్తో, గట్టిగా. నొప్పి వచ్చినప్పుడల్లా. సిగ్గుపడితే ఆమెకి పట్టు దొరకదు."

నొక్కాను. కాసేపటికి నొప్పి తగ్గింది. కోడలు ఊపిరి తీసుకుని, తల తిప్పకుండానే అడిగింది.

"మామయ్యా, మోటారు కట్టేశారా?"

డాబా మీంచి పొద్దుటినుంచీ వీధిలోకి కారుతున్న నీళ్ళు నా కళ్ళముందు కదిలాయి. నా మొహం మళ్ళీ వేడెక్కింది.

"లేదు తల్లీ."

ఆమె భుజాలు నవ్వుతో కదిలాయి. అంతలోనే మళ్ళీ నొప్పి వచ్చింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. అరచెయ్యి గట్టిగా ఆనించాను.