నిద్రలో తీసిన కొలత

మా చిన్నదానికి గౌను కుట్టాలంటే ముందు అది ఒకచోట నిలబడాలి కదా. టేపు కనబడితే చాలు, మంచం కింద దూరేది. విసుగొచ్చి, మధ్యాహ్నం అది నిద్రపోయాక భుజం నుంచి మోకాలి దాకా కొలిచేశాను. మా ఆయన పాత చొక్కా కత్తిరించి, సాయంత్రానికల్లా కుట్టేశాను.

తీరా తొడిగితే గౌను బొడ్డు దగ్గరే ఆగిపోయింది.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుంది. "కొలిచినప్పుడు ఇది ఎలా పడుకుందమ్మాయ్?"

"ముడుచుకుని పడుకుంది. అయితే ఏంటత్తయ్యా?" అన్నాక గానీ నాకు వెలగలేదు. నా మీద నాకే ఒళ్లు మండి, కుట్లు విప్పేద్దామని కత్తెర తీశాను.

చిన్నది నా చేతికి చిక్కకుండా పరిగెత్తి, మోకాళ్లు గడ్డానికి ఆనించి నేల మీద పడుకుంది.

"సరిపోయింది చూడమ్మా."