జొన్నచేలో కూర్చున్నవాళ్ళు

జొన్న గట్క పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా మా ఆయన ఖద్దరు చొక్కాకు ఊడిన గుండీ కుడుతున్నాను.

"జర తెల్లగ ఉతికినవా లేదా? ఇయ్యాల బడిల నల్గురి ముంగట మాట్లాడతడు," అంది మా అత్త పిచ్చమ్మ.

ఆ బడిలో రోజూ నలుగురి ముందూ మాట్లాడేది నేను. ఆ సంగతి ఆమెకు గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకూ రాలేదు.

సూర్యాపేటలో చిన్న తరగతులకు నేను పంతులమ్మను. నిజాం పాలన పోయి ఏడాది కావస్తోంది. ఉర్దూ పుస్తకాలు తీసేశారు, తెలుగువి ఇంకా రాలేదు. చరిత్ర గంటలో ఏం చెప్పాలని అడిగితే పెద్దపంతులు, "మొన్నటి లడాయి చెప్పమ్మా, అదీ చరిత్రే గద. మీ దుర్గయ్యను పిలువు, కండ్లార సూసినోడు," అన్నాడు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజుల్లో మా ఆయన సరిహద్దు దాటి, అప్పటికే భారత యూనియన్‌లో ఉన్న నడిగూడెం దిక్కు వెళ్ళాడు. అక్కడి శిబిరంలో చేరి, జెండా పట్టాడు, లాఠీ దెబ్బలూ తిన్నాడు. అది చిన్న పని కాదు. నేనెప్పుడూ చిన్నదనుకోలేదు.

పిల్లలకు బాగానే చెప్పాడు. తుపాకీ ఎలా పట్టుకోవాలో బెత్తంతో చూపించాడు. అంతా అయ్యాక, ధాన్యం కొట్టు కైలాసం గారి కూతురు మంగ లేచి నిలబడింది.

"సారూ, అప్పుడు మీ పాప యాడున్నది?"

"ఇంట్ల. వాళ్ళమ్మ కాడ."

"ఇంట్లెట్ల ఉంటరు? రజాకార్లు వస్తరు గద?"

ఆయన నా వైపు చూశాడు. నేను నల్లబల్ల వైపు చూశాను. "ఆడోళ్ళు ఏదో సూసుకున్నరు తియ్యి," అని నవ్వాడు. పిల్లలెవరూ నవ్వలేదు.

ఏదో చూసుకున్నారు. ఆ సాయంత్రం అంట్లు తోముతుంటే ఆ మాటే చేతికి బూడిదలా అంటుకుని వదల్లేదు. ఆ ఏదో ఏమిటో నాకు తెలుసు, అత్తకు తెలుసు. మా ఊరి బయట మనిషెత్తు పెరిగిన జొన్నచేలో, బురదలో, మడిచిన మోకాళ్ళ మీద మూడేళ్ళ బిడ్డను పడుకోబెట్టుకుని కూర్చోవడం. బిడ్డకు జ్వరం, దగ్గు. దగ్గు తెర వచ్చినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కాను. ఒకసారి అది దగ్గడమే మానేసింది. రజాకార్ల గుర్రాల చప్పుడుకు కదలనిదాన్ని, అప్పుడు కొంగు లాగేసి దాని ముక్కు దగ్గర చెవి పెట్టాను. ఊపిరి ఆడుతోందని తెలిశాక అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే కుండలు పగిలి ఉన్నాయి, జొన్నలు మట్టిలో కలిసి ఉన్నాయి. ఊడ్చి, చెరిగి, విసిరి, వండాం. ఆ తర్వాతా వండుతూనే ఉన్నాం. దాని గురించి మాట్లాడుకునే తీరిక మా ఇద్దరికీ దొరకలేదు.

మర్నాడు బడిలో పిల్లల్ని అడిగాను. "అప్పుడు మీరు యాడున్నరు?"

"గాదెల." "వాగు బొందల." "నాకేం యాదికి లేదు పంతులమ్మా, మా అమ్మ ఏడ్సుడొక్కటే యాదికున్నది."

చాపలు పక్కకు తీయించాను. "ఎట్ల కూసున్నరో సూపెట్టుండ్రి," అన్నాను. కొందరు చేతులు పైకెత్తి జొన్నదంట్లయ్యారు. కొందరు వాటి మధ్య ముడుచుకుని కూర్చున్నారు. తెలియనివి ఇంటికెళ్ళి తల్లుల్ని అడిగి వచ్చి, ఆటలో చేర్చుకున్నారు. పుస్తకం లేని చరిత్ర గంట కోసం పిల్లలు ఎదురుచూడటం మొదలుపెట్టారు.

జెండా పండుగ నాడు పెద్దపంతులు తల్లిదండ్రుల్నీ పిలిచాడు. మా ఆయన మెడలో దండ వేశారు, ఆయన మాట్లాడాడు. తర్వాత పిల్లలు జొన్నచేను ఆట కట్టారు. మంగ తన చంటి తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, వాడి నోటికి గుడ్డ అడ్డం పెట్టి, చప్పుడు లేకుండా ఊపుతోంది. తల్లుల్లో ఎవరూ కదల్లేదు. మా అత్త మాత్రం లేచింది. దంట్లలా నిలబడ్డ పిల్లల్ని తప్పించుకుంటూ వెళ్ళి మంగ పక్కన కూలబడింది.

"గట్ల గాదు బిడ్డా. ముక్కు ఇడిసిపెట్టాలె, ఊపిరాడాలె. మా మనుమరాలు జరంతోని కాలిపోతుండె. ముక్కు మూసినమేమోనని ఇప్పటికి నాకు బుగులే," అంటూ గుడ్డను కిందికి జరిపింది. ఇక అక్కడి నుంచి లేవలేకపోయింది. నేను వెళ్ళి పట్టుకునేదాకా మంగ ఆమె వీపు నిమురుతూనే ఉంది.

ఇంటికొచ్చాక మా ఆయన దండ తీసి మూలకు విసిరేశాడు.

"నల్గురిల నా ఇజ్జత్ తీసినవ్. మిమ్ముల ఇడిసి పారిపోయినోని లెక్క సూసిన్రు నన్ను. రేపటి సంది నీ బడి బంద్."

నేను అన్నం వడ్డించాను. అత్త నిద్రపోయిన పాపను ఒళ్ళో వేసుకుని, గోడకు చేరగిలి కళ్ళు మూసుకుంది. ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా కంచంలోనే వదిలేశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"బిడ్డకు గంత జరమున్నదని నాకు ఎన్నడు చెప్పకపోతివి."

"నువ్వు ఎన్నడు అడుగలే," అన్నాను. "వచ్చిన నాడు వాకిట్ల నిలవడి నువ్వు అడిగింది బర్రె యాడున్నదని."

నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన తినేటప్పుడు నేను కూర్చోవడం అదే మొదలు.

"ఇప్పుడడుగు, చెప్త. ఎంతసేపైనా చెప్త. కాని పొద్దుగాల మాత్రం బడికి పోత."