నాలుగిళ్ళ నోటుబుక్కు

రెంటచింతలలో ఆమెను ఝాన్సీలక్ష్మి అని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లోవాళ్ళకూ, వీధిలోవాళ్ళకూ, నాపరాళ్ళు కోసే మిషను దగ్గర పనివాళ్ళకూ ఆమె నాగయ్య కొడుకు బాలకోటయ్య. ఇరవై రెండేళ్ళు వచ్చినా మీసం ఉంచని, ఏ పెళ్ళికి వెళ్ళినా మగవాళ్ళ మధ్య కూర్చోకుండా వంటల దగ్గర తేలే బాలకోటయ్య. ఝాన్సీ అన్న పేరు బతికి ఉన్న చోటు ఈ భూమ్మీద ఒక్కటే. రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు.

రెండేళ్ళ కిందట, ఎనభై నాలుగులో, ఒక వారపత్రిక కలం స్నేహం పేజీలో, స్టాంపులు పోగుచేసేవాళ్ళకూ పాటలంటే చెవి కోసుకునేవాళ్ళకూ మధ్య ఇరుక్కుని చిన్న ప్రకటన ఒకటి వచ్చింది. "ఇంట్లో ఒక పేరు, మనసులో ఒక పేరు ఉన్నవాళ్ళు రాయండి." కింద డ్యాము పక్కనున్న విజయపురి సౌత్ అడ్రసు. మంగలి షాపులో ఆ పేజీ కంటపడగానే ఝాన్సీ సగం గీసిన గడ్డంతోనే లేచి పెన్ను అడిగి అడ్రసు అరచేతి మీద రాసుకుంది.

అలా కలిశారు నలుగురు. ప్రకటన వేసింది మాణిక్యమ్మ. కాలవల ఆఫీసులో అటెండరు, రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి. నరసరావుపేటలో టైలరు షాపులో కుట్టే సయీదా, నాదెండ్లలో చిన్నబడి పిల్లలకు పాఠాలు చెప్పే ఎస్తేరు మిగతా ఇద్దరు. లోకం లెక్కలో ఝాన్సీలాగే వాళ్ళు ముగ్గురూ మగవాళ్ళే. నోటుబుక్కులో మాత్రం కాదు. నలుగురికీ అదొక్కటే పుస్తకం. ఒకరు రాసుకుని, సయీదా కుట్టిన గుడ్డసంచిలో పెట్టి మూతి కుట్టేసి, రెండోవారికి పోస్టు చేయాలి. ఎవరి దగ్గరా వారం మించి ఉండకూడదు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

ఎంత ముచ్చటైన పుస్తకమో! సయీదా ఆ వారం కుట్టిన రవికల గుడ్డముక్కలు పేజీ అంచున అంటించేది. నెమలికంఠం రంగు ముక్క మీద ఝాన్సీ వేలు ఎన్నిసార్లు తిరిగిందో. ఎస్తేరు రాత ముత్యాలే. మాణిక్యమ్మ ఒక్కోసారి ఒక్క వాక్యమే రాసేది. "ఇవాళ డ్యాము గేట్లెత్తారు, తుంపర మా కిటికీ దాకా వచ్చింది." రెంటచింతల ఎండలో, వేడెక్కిన రాళ్ళ వరస పక్కన ఆ ఒక్క వాక్యం చదివితే ఝాన్సీకి మోచేతుల దాకా చల్లబడేది.

పుస్తకం వచ్చే శనివారం ఆమె పదింటికల్లా పోస్టాఫీసులో ఉండేది. మాచర్ల బస్సు తపాలా సంచి దించిందో లేదో పుస్తకం చేతికి తీసుకునేది. ఈ ఫాల్గుణంలో ఒక శనివారం మిషను బ్లేడు విరిగింది, మేస్త్రి కదలనివ్వలేదు. పోస్టుమ్యాను కాలేషా మంచివాడు. కుర్రాడు రాలేదు కదా పాపమని ఆ గుడ్డసంచి తీసుకుని నేరుగా ఇంటికే వెళ్ళాడు.

"వెంకమ్మొదినా! ఝాన్సీలక్ష్మి పార్శిలు!"

"మా ఇంట్లో ఝాన్సీలూ లేరు, రాణులూ లేరు. ఆ కళ్ళజోడు మార్చుకో కాలేషా."

"కేరాఫ్ బాలకోటయ్య అని ఉంది గదా. రెండేళ్ళబట్టీ వస్తానే ఉంది. మీవోడే వచ్చి తీసకపోతాడు. నీకు తెలవదా? అయితే నేనేం జెప్పలా," అంటూ కాలేషా సైకిలెక్కేశాడు.

వెంకమ్మకు చదువు రాదు. కానీ కొడుకు కేరాఫ్‌లో ఒక ఆడపిల్ల పేరు రెండేళ్ళుగా నడుస్తోందంటే అర్థం చేసుకోవడానికి చదువెందుకు? తెచ్చిన ప్రతి సంబంధాన్నీ వీడు ఎందుకు తిప్పికొడుతున్నాడో ఆమెకు క్షణంలో తేలిపోయింది.

మధ్యాహ్నం ఒళ్ళంతా రాతిపొడితో తెల్లగా వచ్చిన ఝాన్సీకి తల్లి ఒళ్ళో సంచి కనపడింది. కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

"ఒరేయ్, ఎవుర్రా ఈ పిల్ల?"

తల్లి మొహం నవ్వుతోంది. చాలా ఏళ్ళుగా చూడని నవ్వు.

"ఏంది, బొమ్మలాగా నిలబడ్డావు? నేనేమన్నా కొడతానా? ఏ ఊరు?"

"దగ్గరే."

"మనోళ్ళేనా?"

"మనోళ్ళే."

"ఎట్టా ఉండిద్ది?"

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అమ్మ తన గురించి అడుగుతోంది. "పొడుగు. చామనఛాయ. నవ్వితే ఎడం బుగ్గ సొట్ట పడిద్ది."

"నీకు మల్లేనా? బాగానే కుదిరారే! వంటొచ్చా?"

"చింతచిగురు పప్పు బాగా చేసిద్ది."

"అంటే తినొచ్చావన్నమాట! సిగ్గులేనోడా," అని వెంకమ్మ కొడుకు భుజం మీద ఒక్కటేసింది. రాతిపొడి లేచింది. "జడ ఎంత ఉండిద్ది?"

"జడ లేదమ్మా. జుట్టు పొట్టి."

"అయ్యో, టైఫాయిడ్ వచ్చిందా? పోన్లే, పెరిగిద్ది."

ఝాన్సీ ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆ ప్రశ్నలు అయిపోకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకుంది. కానీ అయిపోయాయి.

"ఒక్కసారి నాకు చూపించు. చూశాకే మీ అయ్యకి జెప్తా. వైశాఖంలో చానా ముహూర్తాలున్నాయి."

"కబురంపి అడుగుతా. మూడు వారాలాగు."

ఆ రోజే నోటుబుక్కులో జరిగిందంతా రాసింది. "అమ్మ నన్ను చూడాలంటోంది. ఏం చేయను?" అని పోస్టు చేసింది.

ఆ మూడు వారాలూ వెంకమ్మ ఇంట్లో లేని పిల్లతో కాపరం చేసింది. మొదటి మామిడికాయ కోస్తూ, "ఆ పిల్లకి పులుపు పడిద్దా?" అంది. తిరునాళ్ళలో కొని దాచుకున్న ఆకుపచ్చ చీర తీసి ఎండలో వేసి, "ఆ పిల్ల ఒంటికి ఈ రంగు బాగుండిద్దా?" అంది. బాగుంటుందంది ఝాన్సీ. చీర తీగ మీద గాలికి కదులుతుంటే దాని పక్క నుంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచింది, కొంగు చేతికి తగిలేట్టు. అమ్మ అంత ప్రేమగా తలుచుకునే పిల్ల మీద ఆమెకు అసూయ కూడా కలిగింది.

మూడో శనివారం పుస్తకం వచ్చింది. నాపరాళ్ళ వరసల వెనక నీడలో కూర్చుని సంచి విప్పింది.

మాణిక్యమ్మ రాసింది: "నేను మా అమ్మకు చెప్పలేదు. రేపు రేపు అనుకుంటుండగానే ఆమె పోయింది. నీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు తల్లీ."

సయీదా రాసింది: "నేను చెప్పాను. తన్నారు, గెంటారు. నీకూ అదే జరిగితే నా గదిలో రెండో చాప ఉంది. బస్టాండు వెనక వీధి, మేడ మీద. మెట్లు ఇరుకు, చూసుకుని ఎక్కు."

ఎస్తేరు రాసింది: "మీ అమ్మకు చదవడం రాదన్నావుగా. నోటితో చెప్పలేకపోతే, రాసింది చదివి వినిపించు. నేను ఆదివారం నీ కోసం ప్రార్థన చేయిస్తాను. పేరు అడిగితే ఝాన్సీ అనే చెప్తాను."

సోమవారం నాగయ్య చేలోకి వెళ్ళాక వెంకమ్మ వసారాలో మిరపకాయలు ముందేసుకుని రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతోంది. ఝాన్సీ ఎదురుగా కూర్చుంది.

"కబురొచ్చిందమ్మా."

"ఏమంది?"

"ఆమె రాసిందే చదువుతా, విను." పాత పేజీ ఒకటి తీసింది. "మా అమ్మ ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు. నేను కడుపులో ఉన్నప్పుడు గనిలో రాయి పడింది. 'నువ్వు పుట్టాక ఆ నొప్పి మర్చిపోయా' అంటుంది..."

వెంకమ్మ ఎడమకాలు చీర అంచు కిందికి లాక్కుంది.

"...ఒక్క కూతురన్నా పుట్టలేదని పండగ పూట ఏడుస్తుంది. పుట్టిందమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

వెంకమ్మ చేతులు ఆగలేదు. కానీ ఎర్రటి మంచికాయలు తీసి తాలు కుప్పలో వేస్తోంది. ఝాన్సీ చూసింది.

"అయితే ఆ పిల్ల నువ్వేనా?"

"నేనేనమ్మా."

"నేను వైశాఖం అనుకున్నానే... పీటల మీద చూసుకోవాలనుకున్నా." వీధి గుమ్మం వంక చూసింది. "మీ అయ్య చంపుతాడు."

"తెలుసు."

"ఆ పుస్తకంలో వాళ్ళంతా నీకు మల్లేనా? వాళ్ళకి అమ్మల్లేరా?"

"మాణిక్యమ్మగారి అమ్మ పోయింది. ఎస్తేరు వాళ్ళమ్మకి తెలవదు. సయీదాని ఇంట్లోవాళ్ళు కొట్టి గెంటారు."

"కన్నోళ్ళేనా కొట్టింది?" వెంకమ్మ ముక్కు చీదింది. "నా గోరు సంగతి కూడా ఊళ్ళమ్మట జెప్పావు."

"కోపమా?"

"కోపం గాక మరేంది!" ఇంకో గుప్పెడు మంచికాయలు తాలు కుప్పలోకి పోయాయి. "రాయి."

"ఏంది?"

"నేను జెప్తా, రాయి. ఆ సయీదాకి. వేళకి తినమను. తన్నినోళ్ళ గడప మళ్ళీ తొక్కొద్దను."

ఝాన్సీ రాసింది. "నీ గురించి ఏం రాయను? అడుగుతారుగా."

"నాకేం తోచలేదని రాయి." మళ్ళీ తనే, "ఇంకా తోచలేదని రాయి," అంది.

అక్షరాలు పడుతుంటే వెంకమ్మ మెడ చాచి చూసింది. "నీ పేరు... ఆ పేరు, యాడుంది ఇందులో?"

ఝాన్సీ పేజీ కింద చూపించింది. వెంకమ్మ చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకుని ఆ పేరు మీద వేలు ఆనించి, చివరిదాకా నెమ్మదిగా జరిపింది.

వీధిలో నాగయ్య దగ్గు వినపడింది. ఝాన్సీ కదిలేలోపే వెంకమ్మ పుస్తకం లాగి, ఖాళీ గోనెసంచి కింద తోసి, దాని మీదికి జరిగి కూర్చుంది.

"మీ అయ్యొచ్చాడు. కాళ్ళకి నీళ్ళు పెట్టు."

ఝాన్సీ లేచి బిందె దగ్గరికి వెళ్ళింది. తల్లి తల వంచుకుని, తాలు కుప్పలోంచి మంచికాయలు ఒక్కొక్కటే వెనక్కి ఏరుతోంది. ఆమె తలెత్తి తన వంక ఒక్కసారి చూస్తే బాగుండునని, నిండిన చెంబు పట్టుకుని ఝాన్సీ కాసేపు అక్కడే నిలబడింది.